నవంబర్ 1: లైబ్రరీ బోర్డు మీద మొదటి వరుసలో ఏం రాయాలి?

పాతకాగితాలు:
మా కాలనీ లైబ్రరీ (గుంటూరు) గేటు పక్కన ఒక నల్లబోర్డు ఉంది. రోజూ పొద్దున పేపర్లు రాగానే దాని మీద 'చరిత్రలో ఈ రోజు' రాసే పని నాది. ఐదు వరుసలకే జాగా. నవంబర్ 1 వచ్చిందంటే ప్రతి ఏడూ తలనొప్పే. ఈసారి కమిటీ మీటింగులో అరుపుల దాకా వెళ్ళింది.

ఆ తేదీకి సరుకు ఎక్కువ. 1755లో లిస్బన్ భూకంపం. 1858లో అలహాబాదులో కానింగ్ విక్టోరియా రాణి ప్రకటన చదివాడు, కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చింది. 1954లో అల్జీరియాలో ఫ్రెంచివాళ్ళ మీద తిరుగుబాటు మొదలైంది. సరిగ్గా అదే రోజు ఇక్కడ పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి మన చేతికి వచ్చాయి. 1956లో ఆంధ్రప్రదేశ్, కేరళ, కొత్త మైసూరు, మధ్యప్రదేశ్ అన్నీ ఒకేసారి. ఆ రోజే హంగేరీ ప్రధాని ఇమ్రె నాజ్ వార్సా ఒప్పందం నుంచి తప్పుకుంటున్నామని ప్రకటించాడు. 1966లో హర్యానా, 2000లో ఛత్తీస్‌గఢ్.

గొడవ ఎక్కడంటే, మొదటి వరుసలో 'ఆంధ్రప్రదేశ్ అవతరణ, 1956' అని ఎప్పటిలాగే రాస్తానన్నాను. కమిటీలో ఒకాయన లేచి, 'అప్పుడు పుట్టిన రాష్ట్రం 2014లోనే పోయింది. మనకు మిగిలింది 1953 అక్టోబర్ 1న పుట్టిన ఆంధ్ర రాష్ట్రం. నవంబర్ 1 కొట్టేయండి' అన్నాడు. ఇంకొకాయన ఆయన మీద విరుచుకుపడ్డాడు. నేను మధ్యలో సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను. మీరేమంటారు?

కృష్ణాతీరం:
ఇందులో తర్జనభర్జన ఏముంది సార్? నవంబర్ 1 అంటే ఆంధ్రప్రదేశ్ అవతరణ. చిన్నప్పుడు బడిలో జెండా ఎగరేసి బిళ్ళలు పంచింది ఆ రోజే. పొట్టి శ్రీరాములు గారు 56 రోజులు నిరాహారదీక్ష చేసి ప్రాణం ఇచ్చింది ఈ రాష్ట్రం కోసమే. మొదటి వరుస అదే, రెండో మాట లేదు. లిస్బన్లూ హంగేరీలూ జాగా మిగిలితే చూసుకోండి.

లెక్కలమాస్టారు:
56 కాదు. 1952 అక్టోబర్ 19న మొదలుపెట్టారు, డిసెంబర్ 15 రాత్రి పోయారు. అక్టోబర్‌లో 13, నవంబర్‌లో 30, డిసెంబర్‌లో 15. కూడుకోండి. 58.

యానాం_బుల్లోడు:
మాకు నవంబర్ 1 విమోచన దినం. సెలవు. మీరు కానివ్వండి.

కొండారెడ్డిబురుజు:
కృష్ణాతీరం అన్నా, శ్రీరాములు గారిని నవంబర్ 1కి ఎట్లా ముడిపెడతావు? ఆయన మద్రాసులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో దీక్షకు కూర్చున్నది మద్రాసు రాష్ట్రం నుంచి ఆంధ్రను విడదీయమని. ఆయన పోయిన నాలుగు రోజులకు, డిసెంబర్ 19న నెహ్రూ పార్లమెంటులో ప్రకటన చేశాడు. 1953 అక్టోబర్ 1న రాష్ట్రం వచ్చింది. 11 జిల్లాలు, కర్నూలు రాజధాని, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి, త్రివేది గవర్నరు. నెహ్రూ స్వయానా కర్నూలుకు వచ్చి ప్రారంభించి పోయినాడు. నవంబర్ 1 వచ్చేసరికి శ్రీరాములు గారు పోయి నాలుగేళ్ళు కావస్తోంది. ఆయన అడగని దానికి ఆయన ఫోటో పెట్టి దండ వేయడం ఏమి న్యాయం?

ఇప్పుడున్న ఆంధ్రప్రదేశ్ మ్యాపు తీసి 1953 నాటి మ్యాపు పక్కన పెట్టు. దాదాపు అదే. అక్టోబర్ 1 మన పుట్టినరోజు. నవంబర్ 1 మనం ఇంకో ఇంటితో పొత్తు కలిసిన రోజు. ఆ పొత్తు విడిపోయింది కదా.

కృష్ణాతీరం:
'దాదాపు' అంటే? 1953లో భద్రాచలం తూర్పుగోదావరిలో ఉంది, 1959లో కదా ఖమ్మానికి ఇచ్చింది. తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉంది, 1960లో మద్రాసుకి పోయింది. మ్యాపులు అతకవు తమ్ముడూ. ఇక దీక్ష సంగతి: మా తాతయ్య దగ్గర్నుంచి అందరూ 56 అనే చెప్పారు.

లెక్కలమాస్టారు:
తాతయ్య చెప్పినా నవంబర్‌కి 30 రోజులే.

బళ్ళారి_తెలుగు:
అక్టోబర్ 1 అంటూ పండగ చేసుకోమంటున్న కర్నూలు అన్నకి ఒక మాట. ఆ రోజే మా బళ్ళారి మైసూరుకి పోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకి, మేము అటు. మిశ్రా కమిషన్ వచ్చి విచారణ చేసి మరీ తేల్చింది. మా ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, నవంబర్ 1న కన్నడ రాజ్యోత్సవానికి ఎర్ర పసుపు జెండా. నాకేమీ బాధ లేదు, ఆ జెండా కింద పుట్టి పెరిగినవాణ్ణి. కానీ అక్టోబర్ 1 అందరికీ పుట్టినరోజు అనుకోవద్దు.

కొండారెడ్డిబురుజు:
బళ్ళారి అన్నా, నిజమే. కానీ ఆ లెక్కన ఏ తేదీకైనా ఎవరో ఒకరు పోయినవాళ్ళు ఉంటారు. నేను అడిగేది ఉన్నవాళ్ళ సంగతి.

ఓరుగల్లు_పిల్ల:
ఉన్నవాళ్ళ సంగతి అంటే మా సంగతి కూడా కొంచెం వినుర్రి. నవంబర్ 1 మీకు బిళ్ళలు పంచిన రోజేమో. మా నాయన వాళ్ళు ఆ రోజు నల్ల బ్యాడ్జీలు పెట్టుకున్నరు, విద్రోహ దినం అని. రాష్ట్రాల హద్దులు తేల్చనీకి ఢిల్లీ వేసిన ఫజల్ అలీ కమిషన్ 1955లో ఏమని రాసింది? తెలంగాణను హైదరాబాద్ రాష్ట్రంగా వేరుగనే ఉంచుర్రి, 1961 ప్రాంతంలో ఎన్నికలయ్యాక అక్కడి శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో ఒప్పుకుంటేనే కలపుర్రి అని. 1961 దాకా ఆగిండ్రా? 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీల పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నరు, నవంబర్ 1కి కలిపేసిండ్రు. ఆ ఒప్పందంలో ముఖ్యమంత్రి ఒక ప్రాంతం నుంచి అయితే ఉపముఖ్యమంత్రి ఇంకో ప్రాంతం నుంచి ఉండాలె. సంజీవరెడ్డి గారి మొదటి మంత్రివర్గంలనే ఉపముఖ్యమంత్రి లేడు. మొదటి రోజే తప్పిన మాట అది.

మీ బోర్డు మీద ఏం రాసుకుంటరో మీ ఇష్టం. మాకు జూన్ 2 ఉంది.

కృష్ణాతీరం:
అక్కా, గుంటూరులో బోర్డు గురించి మాట్లాడుతుంటే వరంగల్ నుంచి వచ్చి ఇది ఎందుకు? మీకు మీ రాష్ట్రం వచ్చింది. సంతోషం.

ఓరుగల్లు_పిల్ల:
నవంబర్ 1న పుట్టిన రాష్ట్రంల నేను కూడా ఉన్నా కాబట్టి. మీ పండగలో నా భాగం ఉందన్నప్పుడు నా మాట కూడా ఉంటది.

గాజువాక_గాలి:
అందరికీ నమస్కారం. నేను ఇక్కడ ఎక్కువ రాయను. నవంబర్ 1 లిస్టులో విశాఖ లేకపోవడం చూసి రాస్తున్నాను. 1966 నవంబర్ 1న విశాఖపట్నంలో ఉక్కు ఫ్యాక్టరీ కోసం వీధుల్లోకి వచ్చిన జనం మీద పోలీసు కాల్పులు జరిగాయి. చనిపోయినవాళ్ళలో చిన్న పిల్లవాడు కూడా ఉన్నాడు. అమృతరావు గారు అప్పటికి పదిహేను రోజులకు పైగా నిరాహారదీక్షలో ఉన్నారు. రాష్ట్రం మొత్తం మీద ఆ ఉద్యమంలో 32 మంది పోయారని చెబుతారు. రాష్ట్రం పుట్టి సరిగ్గా పదేళ్ళు నిండిన రోజు అది. ఇందిరాగాంధీ ఫ్యాక్టరీ ప్రకటన చేసింది 1970 ఏప్రిల్‌లో, శంకుస్థాపన 1971 జనవరి 20న.

మా పెదనాన్న ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాడు. ప్లాంటు కోసం ఇచ్చిన ఊరి పేరు ఇప్పటికీ ఆయన అడ్రసు చెప్పేటప్పుడు వస్తుంది. సార్, ఐదు వరుసల్లో ఒక్కటి ఇవ్వండి.

పాతకాగితాలు:
గాజువాక గారూ, ఇది నా నోట్సులో లేదు. తప్పకుండా రాస్తాను. లిస్బన్ తీసేస్తాను.

ప్రపంచపౌరుడు:
లిస్బన్ తీసేయడం దారుణం. ఆ భూకంపం తర్వాత యూరప్‌లో దేవుడి మీద నమ్మకం గురించే చర్చ మొదలైంది. పండగ రోజు పొద్దున, చర్చిల నిండా జనం ఉండగా వచ్చింది. వేల మంది పోయారు. రాష్ట్రాలు వస్తుంటాయి పోతుంటాయి.

కొండారెడ్డిబురుజు:
'రాష్ట్రాలు వస్తుంటాయి పోతుంటాయి' అని చెప్పడం సులభం. రాజధాని పోయిన ఊళ్ళో పుట్టుంటే తెలిసేది.

కృష్ణాతీరం:
అబ్బ! వచ్చేసింది. కర్నూలు రాజధాని ఏడుపు. నేను ఇందాకటి నుంచి చూస్తున్నా, ఎప్పుడొస్తుందా అని. మీ సీమవాళ్ళకి ఏ తేదీ చెప్పినా అదే పాట. మూడేళ్ళు గుడారాల్లో నడిచిన రాజధాని అది. ఫైళ్ళు వానకు తడిశాయి, ఉద్యోగులకు ఇళ్ళు లేవు. హైదరాబాద్‌లో కట్టి సిద్ధంగా ఉన్న భవనాలు వదులుకుని గుడారాల్లోనే ఉండాల్సిందా?

కొండారెడ్డిబురుజు:
గుడారాలు. సరే, గుడారాల గురించే చెబుతా.

మా తాత ఆ గుడారాల దగ్గర్లో మెస్ నడిపినాడు. మద్రాసు నుంచి వచ్చిన గుమాస్తాలకు పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అన్నం, సాయంత్రానికి క్యారేజీ. అంతా ఖాతా మీదే, జీతాలు వచ్చినాక కట్టేవాళ్ళు. ఆ ఖాతా పుస్తకం మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. ఎర్ర అట్ట, అంచులు చెదలు తిన్నాయి. ఒక్కో పేజీకి ఒక్కో పేరు, పేరు కింద సెక్షను, పక్కన రూపాయలు అణాలు. 1956 అక్టోబర్ నెలాఖరుకు వచ్చేసరికి పేజీ తర్వాత పేజీలో తాత చేతిరాత: 'హైదరాబాదు పోయినాడు'. కొంతమంది కట్టిపోయినారు, చాలామంది కట్టలేదు. లారీల్లో ఫైళ్ళతో పాటు వాళ్ళూ పోయినారు. తాత ఆ నెలే మెస్ మూసి మళ్ళీ సేద్యానికి పోయినాడు, వాన లేని సేద్యానికి.

నీకు నవంబర్ 1న బిళ్ళలు పంచినారు. మా ఇంట్లో ఆ తేదీకి అర్థం ఆ పుస్తకం. చాలా?

లెక్కలమాస్టారు:
బాకీ మొత్తం ఎంతో కూడారా?

కొండారెడ్డిబురుజు:
మాస్టారూ, మీరు కాసేపు ఊరుకోండి.

కృష్ణాతీరం:
సరే, మీ తాతకి బాకీ ఎగ్గొట్టినవాళ్ళు ఎవరో వాళ్ళది తప్పు. దానికి రాష్ట్ర అవతరణ దినం మార్చాలా? మా వైపు కథ చెప్పనా? మా తాతయ్య మద్రాసులో ఇల్లు కట్టుకున్నాడు, మద్రాసు రాలేదు. మా నాన్న హైదరాబాద్‌లో ఉద్యోగం, 1969లో గొడవలప్పుడు ఇంటికి తాళం వేసి బెజవాడ వచ్చేశారు, మళ్ళీ వెళ్ళారు. నేను అక్కడే చదువుకున్నా. 2014లో ఆ ఊరూ మనది కాదన్నారు. ఒక్కో తరానికి ఒక్కో రాజధాని పోయింది. నాకు మాత్రం బాధ లేదా?

ఓరుగల్లు_పిల్ల:
1969లో మీ నాయన తాళమేసిండు సరే. ఆ యేడు మా దిక్కు పోలీసు కాల్పుల్లో వందల మంది పోయిండ్రని మా పెద్దలు చెప్తరు. తాళాలు తీసి మళ్ళీ వచ్చినోళ్ళు ఉన్నరు, వాళ్ళు రాలే.

కృష్ణాతీరం:
అక్కా, నేను మీ వాళ్ళను తక్కువ చేయలేదు.

గాజువాక_గాలి:
ఒకటి గమనించారా? నేను కాల్పుల గురించి రాస్తే పాతకాగితాలు గారు తప్ప ఒక్కరూ ఒక్క మాట అనలేదు. ఎవరి తాత, ఎవరి రాజధాని, అంతే. ఉత్తరాంధ్ర మూడేళ్ళయినా రాజధాని కాలేదు కాబట్టి మాకు గొంతు లేదేమో.

కొండారెడ్డిబురుజు:
గాజువాక అన్నా, నీ మాట విన్నాను. 1966 వరుస ఉండాల్సిందే. కాని మొదటి వరుస గొడవ తేలలేదు.

కృష్ణాతీరం:
తేలుస్తా. సూటిగా అడుగుతున్నా, సూటిగా చెప్పు. నీకు అక్టోబర్ 1 కావాల్సింది శ్రీరాములు గారి కోసమూ కాదు, మ్యాపు కోసమూ కాదు. అక్టోబర్ 1 అని రాస్తే దాని పక్కన 'రాజధాని కర్నూలు' అని రాయాలి. ప్రతి ఏడూ, ప్రతి బడిలో, ప్రతి కలెక్టరాఫీసులో ఆ మాట వినపడాలి. అదే కదా నీకు కావాల్సింది?

కొండారెడ్డిబురుజు:
అవును.

ఇప్పుడు నేను అడుగుతా. నీకు నవంబర్ 1 ఎందుకు కావాలి? తెలంగాణ పోయింది, వాళ్ళు రానన్నారు, పైగా ఆ రోజును విద్రోహం అంటున్నారు. అయినా నువ్వు వదలవు. ఎందుకంటే నవంబర్ 1 నుంచి మొదలుపెడితే కథ హైదరాబాద్‌తో మొదలవుతుంది, హైదరాబాద్ పోయింది కాబట్టి అమరావతి దగ్గరికి వస్తుంది. మధ్యలో కర్నూలు అనే ఊరు ఉండదు. అదే కదా?

పాతకాగితాలు:
దయచేసి ఇద్దరూ కొంచెం నెమ్మదించండి. నేను అడిగింది బోర్డు గురించి.

కృష్ణాతీరం:
పర్లేదు సార్, అడిగాడు కాబట్టి చెబుతా.

2015లో అమరావతి రాజధాని కోసం ల్యాండ్ పూలింగ్‌కి మా పొలం ఇచ్చాం. మూడు పంటలు పండే భూమి, నది ఒడ్డున. కాగితం మీద ప్లాటు వచ్చింది. 2019 డిసెంబర్‌లో మూడు రాజధానులన్నారు. మా అమ్మ డెబ్భై ఏళ్ళ మనిషి, టెంటు కింద కూర్చుంది రోజుల తరబడి. 2021 నవంబర్‌లో ఆ చట్టం వెనక్కి తీసుకున్నామన్నారు. అప్పటికి ప్లాటు రాయి చుట్టూ తుమ్మచెట్లు మొలిచాయి. అందుకే ఎవరు 'కర్నూలు రాజధాని' అన్నా, చరిత్ర కోసమే అన్నా, నాకు టెన్షన్ మొదలవుతుంది. 1953 అని మొదలుపెట్టి 2020లో దిగుతారు. నువ్వు తాత ఖాతా పుస్తకం చూపిస్తావు, నేను ప్లాటు కాగితం చూపిస్తాను. తేడా ఏంటి?

కొండారెడ్డిబురుజు:
తేడా ఉంది. నీ కాగితం మీద ప్లాటు నంబరు ఉంది, మా పుస్తకంలో పేర్లే ఉన్నాయి.

కానీ నీ భూమి మీద నాకు కోపం లేదు అన్నా. రాజధాని తిరిగి ఇవ్వండి అని ఈ రోజు నేను అడగడం లేదు. 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో, శ్రీబాగ్‌లో, మీ పెద్దలూ మా పెద్దలూ కూర్చుని రాసుకున్నారు. రాజధాని, హైకోర్టు రెండూ ఒకే చోట ఉండవు, ఏది కావాలో సీమవాళ్ళు ముందు కోరుకోవచ్చు. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ళల్లో సీమకు, నెల్లూరుకు ముందు దారి. ఆ మాట మీదే మేము ఆంధ్ర రాష్ట్రానికి సరే అన్నాం, లేకుంటే మాకు మద్రాసే దగ్గర. 1953లో విజయవాడ గుంటూరు మధ్య పెట్టాలని కమ్యూనిస్టులు ఎంత పట్టుబట్టినా కర్నూలు వచ్చిందంటే ఈ కాగితం వల్లే. హైకోర్టు 1954లో గుంటూరులో పెట్టారు, మేము ఏమైనా అన్నామా? ఒప్పందం ప్రకారమే కదా. 1956లో రెండూ హైదరాబాద్‌కి పోయాయి. 2014 తర్వాత రెండూ వెనక్కి వస్తే రెండూ మీ దగ్గరే ఆగాయి. రెండూ. నవంబర్ 1 పండగ చేస్తే ఈ ఒప్పందం గుర్తు చేసే రోజు క్యాలెండర్‌లో ఒక్కటీ ఉండదు. అందుకు అక్టోబర్ 1.

ఓరుగల్లు_పిల్ల:
పెద్దమనుషుల ఒప్పందం, శ్రీబాగ్ ఒప్పందం. 2014 దాకా మేము మీ ఇద్దరితో అన్న మాటలే ఇప్పుడు మీరు ఒకరితో ఒకరు అనుకుంటున్నరు. చదువుతుంటే చెవులకు అలవాటైన మాటలు.

డల్లాస్_దుర్గ:
ఇక్కడ మా తెలుగు సంఘంలో మూడు తేదీలకూ పార్టీ చేస్తాం, పులిహోర మాత్రం ఒకటే. పోనీ అందరివీ రాసేయండి.

కొండారెడ్డిబురుజు:
డల్లాస్ అక్కా, అందరివీ రాయడానికి అది మీ హాలు కాదు. ఐదు వరుసల బోర్డు.

లెక్కలమాస్టారు:
ఆరు వరుసలు పడతాయేమో, అక్షరాలు చిన్నవి చేస్తే.

పాతకాగితాలు:
చూస్తాను మాస్టారూ. ఇప్పటికి ఖాయమైనవి ఇవి. 1858 అలహాబాదు ప్రకటన ఉంటుంది, పరీక్షలకు చదివే పిల్లలు దాన్ని నోట్సులో రాసుకుంటారు. 1954 యానాం. 1966 విశాఖ కాల్పులు. అల్జీరియా, హంగేరీ, హర్యానా, ఛత్తీస్‌గఢ్ పోయాయి, క్షమించాలి. 1956 వరుసను ఎలాగూ తీయలేను. ఆ రోజు జరిగింది జరిగింది. అది పండగో కాదో ప్రభుత్వాలే అటూ ఇటూ మార్చాయి. 2014 తర్వాత కొన్నేళ్ళు జూన్ 2 నుంచి నవనిర్మాణ దీక్ష, 2019లో మళ్ళీ నవంబర్ 1. నేను పండగ అని రాయను. '1956: తెలంగాణ, ఆంధ్ర కలిసి ఆంధ్రప్రదేశ్, రాజధాని కర్నూలు నుంచి హైదరాబాద్‌కు' అని రాద్దామనుకుంటున్నాను. కర్నూలు పేరు ఉంటుంది, హైదరాబాద్ పేరు ఉంటుంది.

కృష్ణాతీరం:
రాజధాని సంగతి అందులో ఎందుకు సార్? అవతరణ అని రాసి వదిలేయొచ్చుగా. ఆ రెండో ముక్క రాస్తే రేపు పొద్దున ఎవరో ఒకరు బోర్డు ముందు నిలబడి ఇదే మొదలెడతారు.

కొండారెడ్డిబురుజు:
మొదలెట్టనీ. నాకు ఆ వరుస చాలు. అక్టోబర్ 1న కూడా ఒక వరుస వేస్తారా సార్?

పాతకాగితాలు:
ప్రతి ఏడూ వేస్తున్నాను. ఎవరూ చూడలేదేమో, పక్కరోజు గాంధీ జయంతి అని సగం మంది ఊళ్ళకు పోతారు.

కృష్ణాతీరం:
తమ్ముడూ, ఒక మాట. హైకోర్టు అడుగు. శ్రీబాగ్ పేరు చెప్పే అడుగు, నేను కాదనను. నా పొలం ఉన్న చోట అసెంబ్లీ, సచివాలయం ఉంటే నాకు చాలు. కానీ దాన్ని తేదీల మీదుగా తిప్పి అడగొద్దు. సూటిగా అడుగు.

కొండారెడ్డిబురుజు:
సూటిగా అడిగిన ప్రతిసారీ ఏమొచ్చింది? ఇప్పుడు బెంచి అంటున్నారు. బెంచి వేరు, హైకోర్టు వేరు. అదీ గాక నీళ్ళ సంగతి నువ్వు ఎత్తనే లేదు. ఒప్పందంలో భవనాల కంటే ముందు రాసిన మాట నీళ్ళు. మీ కాలవలకు నీళ్ళు వదిలినాక మాకు ఎన్ని రోజులు వదిలినారో చెప్పు, అప్పుడు మాట్లాడదాం.

కృష్ణాతీరం:
నీళ్ళ సంగతి ఎత్తితే ఇది తెల్లారినా తేలదు.

కొండారెడ్డిబురుజు:
తెల్లారనీ అన్నా. నేను మేలుకునే ఉన్నా. డెల్టాకు ఎంత, మా సీమకు నీళ్ళు వచ్చే పోతిరెడ్డిపాడుకు ఎంత, ముందు నువ్వు మొదలుపెట్టు.